విడిభాగాల నిలవకు పూచీ ఎవరు?

వినుకొండ: సరుకు వున్నది. గిరాకీ వున్నది. ధర మునుపెన్నడూ లేనంత చౌకగా వున్నది. చేతికి అందించే కొట్టు మాత్రం లేదు. చిన్న పట్టణాల్లో ఎలక్ట్రానిక్ విడిభాగాల వ్యాపారం నేటి పరిస్థితి ఇది. కొనేవాడు ఒకచోట, అమ్మేవాడు ఒకచోట వుంటే నడుమ ఒక దుకాణం దానంతటదే లేస్తుందని వర్తకుల నమ్మకం. మిర్చికి, పత్తికి, పప్పుధాన్యాలకు నిజమైన ఈ సూత్రం రెసిస్టరుకు, కండెన్సరుకు, డయోడుకు వచ్చేసరికి తప్పుతున్నది. వున్న కొట్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. వాటి స్థానంలో కొత్తవి లేవడం లేదు.

ఇది రేడియోలు బిగించుకునే కుర్రవాళ్ల గొడవ, మిర్చి, పత్తి వర్తకులకు దీనితో ఏం పని అని కొందరు అనవచ్చు. పని వున్నది. నేటి వర్తకుడి దుకాణంలో తూనిక మొదలు బిల్లు వరకు ప్రతిదీ ఒక చిన్న బోర్డు మీద నడుస్తున్నది.

మార్చి నెల అనుకుందాం. టిక్కీలతో ట్రాక్టరు గుమ్మం ముందు నిలబడి వున్నది. ఎలక్ట్రానిక్ కాటా మీద అంకె వెలగడం లేదు. మెకానిక్కు వచ్చి చూశాడు. అడాప్టరు లోపల ఒక కండెన్సరు వుబ్బిపోయింది. దాని ఖరీదు పది రూపాయలకు మించదు. మార్చడానికి పది నిమిషాలు చాలు. కాని ఆ కండెన్సరు అతని డబ్బాలో లేదు, వూళ్లో లేదు. గుంటూరు వెళ్లి తేవాలంటే బస్సు చార్జీ వస్తువు ఖరీదుకు ఎన్నో రెట్లు, పైగా ఒక రోజు కూలి. ఫోనులో ఆర్డరు పెడితే వచ్చేసరికి నాలుగైదు రోజులు. ఈలోగా పక్క కొట్టు కాటా మీద తూస్తామంటే రైతు ఒక పట్టాన ఒప్పుకోడు. తగాదా తూకం దగ్గరే మొదలవుతుందన్నది వ్యాపారంలో వున్నవారికి చెప్పనక్కరలేదు. చివరికి ఆ ఆసామి వేల రూపాయలు పెట్టి కొత్త కాటా తెస్తాడు, లేదా బేరం పోగొట్టుకుంటాడు. రెంటిలో ఏది జరిగినా మూలం పది రూపాయల వస్తువు నిలవ లేకపోవడమే.

పొలంలోనూ ఇదే వరస. బోరు మోటారు స్టార్టరులో ఒక రిలే కాలిపోతే మిరప తోటకు రెండు తడులు తప్పుతాయి. తడి తప్పిన తోట దిగుబడి చివరకు చేరేది మార్కెట్టు యార్డుకే. జిన్నింగు మిల్లు వేబ్రిడ్జి దగ్గర పిడుగు పడితే లోడు సెల్లు ఒక్కటే పోదు, దానికి ముందున్న చిన్న రక్షణ భాగాలూ పోతాయి. కోల్డు స్టోరేజిలో ఉష్ణోగ్రత చూపే పెట్టె సంగతీ అంతే. అందుచేత విడిభాగాల కొట్టు మూతపడటమన్నది వర్తకుల పేజీకి సంబంధం లేని వార్త కాదు.

కాయిలు కొన్న రోజులు

విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ఆనాటి వాల్వు రేడియో ధనికుల ఇంటి వస్తువు. 1960లలో ట్రాన్సిస్టరు వచ్చిన తరువాత కథ మారింది. బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ ట్రాన్సిస్టర్లు తయారుచేయడం మొదలుపెట్టింది. ఒక ఫెర్రైటు కడ్డీ, ఒక గ్యాంగు కండెన్సరు, కాయిళ్లు, నాలుగైదు ట్రాన్సిస్టర్లు, ఒక స్పీకరు, ఒక చెక్క పెట్టె వుంటే రేడియో తయారు. కంపెనీ సెట్టు ధరలో సగానికే చేతి సెట్టు వచ్చేది. ఇంట్లో రేడియో వుంటే పోస్టాఫీసులో ఏటా లైసెన్సు రుసుము కట్టవలసిన కాలం అది. ఆ పద్ధతి 1980ల నడిమికి గాని పోలేదు.

అప్పట్లో తాలూకా కేంద్రమన్న ప్రతి వూళ్లో ఒక రేడియో రిపేరు కొట్టు, దాని గోడకు చిన్న చిన్న సొరుగుల బీరువా వుండటం మామూలు. సొరుగు మీద తెల్ల కాగితం, కాగితం మీద సిరాతో విలువ. కొట్టు యజమాని అమ్మకందారు, మెకానిక్కు, ఉపాధ్యాయుడు మూడూ తానే. హైస్కూలు పిల్లవాడు రూపాయి పట్టుకొని వచ్చి డయోడు అడిగితే, దేనికని అడిగి, ఏ కాలు ఎటు పెట్టాలో చెప్పి మరీ ఇచ్చేవాడు. ఆ చెప్పినదానికి ఖరీదు లేదు. ఢిల్లీ నుంచి 1969లో మొదలైన 'ఎలక్ట్రానిక్స్ ఫర్ యు' పత్రికలోని బొమ్మలు చూసి, సామాను జాబితా రాసుకొని, మీటరు గేజి రైలెక్కి గుంటూరు వెళ్లి తెచ్చుకున్న తరం ఈ ప్రాంతంలో ఇంకా వున్నది. గుంటూరులో దొరకనిది విజయవాడలో, అక్కడా దొరకనిది హైదరాబాదు కోఠీలో గుజరాతీ గల్లీలో, లేదా మద్రాసు రిచీ స్ట్రీటులో. సరుకు దిగిన దారి కూడా అదే, పైనుంచి కిందికి. మిర్చి ఎదురు దారిన వెళ్లేది, అంతే తేడా.

హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. తరువాత టీవీ సెట్లూ చేసింది. ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ చూపిన 1975-76 నాటి 'సైట్' ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలు కూడా వున్నాయి. హైదరాబాదు దూరదర్శన్ 1977లో మొదలైంది. 1982లో రంగులు వచ్చాయి. టీవీ రాకతో విడిభాగాల కొట్టుకు పట్టింది మహర్దశ అనక తప్పదు. రేడియో ఏడాదికొకసారి చెడేది. బొమ్మ గొట్టం టీవీ మాత్రం కరెంటు హెచ్చుతగ్గులకు ఎప్పుడంటే అప్పుడు మూలిగేది. కొట్టు అద్దె టీవీ కట్టింది, కుర్రవాళ్ల డయోడ్లకు నిలవ సొమ్ము కూడా టీవీయే మోసింది. ఈ సంగతి అప్పట్లో ఎవరూ గమనించలేదు. విడిభాగాల చిల్లర అమ్మకం ఏనాడూ తన కాళ్ల మీద తాను నిలబడిన వ్యాపారం కాదు. రిపేరు దాన్ని మోసింది.

మరో ఖాతాదారు మైకుసెట్టు, లైటింగు పనివాడు. మహాశివరాత్రికి కోటప్పకొండకు కదిలే విద్యుత్ ప్రభలను ఎరిగిన వారికి ఇది తెలుసు. బల్బులు వరసగా పరుగెత్తినట్టు కనిపించడానికి ఆ రోజుల్లో వూరి ఎలక్ట్రీషియనే ఒక పెట్టె తయారుచేసేవాడు. టైమరు ఐ.సి. ఒకటి, లెక్కపెట్టే ఐ.సి. ఒకటి, వరసకొక ట్రయాకు. తిరునాళ్లకు నెల ముందు నుంచి ఈ సరుకుకు గిరాకీ పుంజుకునేది. ఇప్పుడు ఎల్.ఇ.డి. దండలకు కంట్రోలరు తయారుగా వస్తున్నది. చెడిపోతే పారవేసి మరొకటి కొనడమే.

పతనం ఎక్కడ మొదలైంది

జనానికి సరదా తగ్గిందని, పిల్లలు ఫోనుల్లో పడ్డారని చెప్పేవారున్నారు. అది సగం మాట. అసలు కారణాలు వ్యాపారికి అర్థమయ్యేవే.

మొదటిది సుంకం. సమాచార సాంకేతిక వస్తువులపై దిగుమతి సుంకాలు ఎత్తివేసే అంతర్జాతీయ ఒప్పందంలో భారతదేశం 1997లో చేరింది. 2005 నాటికి ఆ జాబితాలోని వస్తువులపై సుంకం సున్నాకు దిగింది. విడిభాగం చౌక అయింది, నిజమే. కాని తయారు సామాను అంతకంటె చౌక అయింది. చేతి రేడియో కంపెనీ రేడియో కంటె చౌక అన్న లెక్క తలకిందులైన తరువాత కాయిలు కొనేవాడెవడు?

రెండవది సరుకు రూపం. పాత రెసిస్టరుకు రెండు తీగ కాళ్లు వుండేవి, వేళ్లతో పట్టుకోవచ్చు. ఇప్పటిది ఆవగింజంత. కాళ్లు లేవు, బోర్డు పైనే అతికిస్తారు. 5000 గింజల రీలుగా అమ్ముతారు. బస్తా విప్పి గిద్దెలతో కొలిచి అమ్మడం వేరు, ఆవగింజల బస్తా విప్పి గింజ లెక్కన అమ్మడం వేరు. విప్పిన రీలుకు విలువ పడిపోతుంది, గింజ మీద అంకె కంటికి ఆనదు, కలిసిపోతే వేరు చేయడం కష్టం. చిల్లర వర్తకుడు చేతులెత్తేశాడంటే తప్పు పట్టలేము.

మూడవది టీవీ. బొమ్మ గొట్టం పోయి పలక టీవీ వచ్చింది. అందులో పోతే ప్యానెలు పోతుంది, లేకపోతే బోర్డు మొత్తం మారుతుంది. నిలవ సొమ్ము మోసిన భుజం తప్పుకున్నది.

ఈ పతనం వినుకొండదో, గుంటూరుదో కాదు. అమెరికాలో కిట్ల వ్యాపారానికి మారుపేరైన హీత్‌కిట్ 1992లో కిట్లు ఆపివేసింది. వీధి వీధికీ దుకాణమున్న రేడియో షాక్ 2015 ఫిబ్రవరిలో దివాలా దరఖాస్తు పెట్టింది. ఇంగ్లండులో మాప్లిన్ దుకాణాలు 2018లో మూతపడ్డాయి. కాలిఫోర్నియాలో పుట్టిన ఫ్రైస్ 2021 ఫిబ్రవరిలో తలుపులు వేసింది. టోక్యో అకిహబారాలో యుద్ధానంతరం వెలసిన చిన్న గదుల సముదాయం 'రేడియో స్టోర్' 2013లో ముగిసింది.

అయితే ఇదే కాలంలో ఎదిగిన వారి సంగతి చూడాలి. హామ్ రేడియో వారికి ఒక చిన్న కిట్టు అమ్ముతూ 1972లో మొదలైన డిజి-కీ, కాలిఫోర్నియాలో ఒక ఫిజిక్సు మాస్టారు 1964లో పెట్టిన మౌసర్, రెండూ నేడు ప్రపంచమంతటికీ సరుకు పంపుతున్న సంస్థలు. అవీ ఒకప్పుడు చిన్న కొట్ల వంటివే. సరదా చచ్చిపోతే అవి పెరిగేవి కావు. ఇటలీలో 2005లో పుట్టిన ఆర్డుయినో బోర్డు, ఇంగ్లండులో 2012లో వచ్చిన రాస్ప్‌బెరీ పై నేడు మన ఇంజనీరింగు విద్యార్థులకు సుపరిచితాలు. పాఠశాలల్లో అటల్ టింకరింగు ల్యాబులకు కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి ఒక్కొక్క బడికి 20 లక్షల రూపాయల వరకు సాయం ప్రకటించింది. గిరాకీ వున్నదనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు. మారినదల్లా నిలవ వుండే చోటు. వూరి సొరుగులో వున్న సరుకు దేశానికొక గోదాములోకి వెళ్లిపోయింది.

నిలవ లెక్క

ఎందుకు వెళ్లిందో ఒక చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. విడిభాగాల కొట్టుకు కనీసం 500 రకాలు వుండాలి. అంతకు తక్కువైతే వచ్చినవాడు లేదనిపించుకొని మళ్లీ రాడు. రకానికి 200 రూపాయల సరుకు వేసుకున్నా లక్ష రూపాయలు. నూటికి రెండు రూపాయల వడ్డీ చొప్పున నెలకు 2000. గది అద్దె 5000 అనుకుందాం. మొత్తం 7000. సగటు బిల్లు 20 రూపాయలు, అందులో సగం లాభం అనుకున్నా బిల్లుకు మిగిలేది 10 రూపాయలు. అద్దె, వడ్డీ గట్టెక్కడానికే నెలకు 700 బిల్లులు కావాలి. పాతిక పనిదినాల్లో రోజుకు 28. యజమాని కూలి, కరెంటు ఇంకా లెక్కలో పడలేదు. వినుకొండలో రోజుకు 28 మంది రెసిస్టరు కొనడానికి వస్తారా?

మిర్చి వర్తకుడు కూడా నిలవ వేస్తాడు. కోల్డు స్టోరేజికి అద్దె కడతాడు, వడ్డీ మోస్తాడు. కాని ధారణ పెరుగుతుందన్న ఆశ అతనికి వున్నది. విడిభాగం నిలవ వేసినవాడికి ఆ ఆశ లేదు. దాని ధర ఏటేటా దిగేదే తప్ప పెరగదు, పైగా ఏదో ఒక రోజు దానిని అడిగేవాడే వుండడు. దీనికి ఒకటి రెండు చిత్రమైన మినహాయింపులు లేకపోలేదు. ఒకప్పుడు ప్రతి రేడియోలో వాడిన ఏసీ 128 అనే జెర్మేనియం ట్రాన్సిస్టరు తయారీ ఏనాడో ఆగిపోయింది. గిటారు శబ్దాన్ని గరుకుగా మార్చే పెడళ్లకు అదే కావాలని పాశ్చాత్య దేశాల సంగీతకారులు ఇప్పుడు వెతుక్కుంటున్నారు. పాత రేడియో కొట్టు సొరుగులను తూకానికి అమ్మివేసే ముందు ఒకసారి చూసుకోవడం మంచిది. 2021లో ప్రపంచమంతటా చిప్పుల కరువు వచ్చినప్పుడు కూడా కొన్ని రకాల మైక్రోకంట్రోలర్లకు ఏడాది దాకా ఎదురుచూడవలసి వచ్చింది, నిలవ వున్నవాడు అడిగిన ధర పలికింది. అయితే ఇవి లాటరీ వంటివి. వాటిని నమ్మి కొట్టు పెట్టలేరు.

ఫ్యాను కండెన్సరు చెప్పే సంగతి

ఇంతటి పతనంలోనూ ఒక్క విడిభాగం మాత్రం ప్రతి ఎలక్ట్రికల్ షాపులో, కొన్ని పల్లెల్లో కిరాణా కొట్టులో కూడా దొరుకుతూనే వున్నది. అది సీలింగు ఫ్యాను కండెన్సరు. దాని కథలోనే మందు వున్నది.

ఎందుకు దొరుకుతున్నది? ఏ కంపెనీ ఫ్యానుకైనా ఇంచుమించు 2.5 మైక్రోఫారడే సరిపోతుంది. ఒకే రకం నిలవ వేస్తే వూరు వూరంతటికీ పనికివస్తుంది. వేసవి వస్తే గిరాకీ ఖాయం. అడిగేవాడికి పేరు తెలుసు, అమ్మేవాడికి ధర తెలుసు, మార్చేవాడికి పని తెలుసు. 500 రకాల కొట్టు నిలబడకపోవచ్చును గాని, ఇటువంటి గుణమున్న రకాలు 40 ఏరితే అవి నిలబడతాయి.

అటువంటివి వున్నాయి. అయిదు వోల్టుల రెగ్యులేటరు 7805, పన్నెండు వోల్టుల 7812 దశాబ్దాలుగా మారలేదు. 1ఎన్4007 డయోడు చాలా సామాన్లలో వాడేదే. 25 వోల్టుల 1000 మైక్రోఫారడు కండెన్సరు, బ్రిడ్జి డయోడు, 12 వోల్టుల రిలే, పిడుగుకు, అధిక వోల్టేజికి అడ్డుపడే ఎం.ఓ.వి., గాజు ఫ్యూజులు, అడాప్టరు పిన్నులు, సాకెట్లు, బీటీ 136 ట్రయాకు. ఇంకా తయారు రూపంలో 12 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టరు. కాటాల్లో, స్టార్టర్లలో, ఇన్వర్టర్లలో తరచుగా పోయేవి ఇటువంటివే. అరుదుగా పోయే ప్రత్యేక ఐ.సి.ని వూళ్లో నిలవ వేయాలని ఎవరూ అనరు. దానిని తెప్పించుకోవలసిందే.

ఆలస్యం మాత్రం పనికిరాదు. ఆ ఫ్యాను కండెన్సరుకు కూడా రోజులు దగ్గర పడుతున్నాయి. కరెంటు తక్కువ తాగే బి.ఎల్.డి.సి. ఫ్యాన్లు వ్యాపిస్తున్నాయి. సీలింగు ఫ్యాన్లకు స్టారు గుర్తు 2023 జనవరి నుంచి తప్పనిసరి అయింది. ఈ కొత్త ఫ్యానుల్లో ఆ కండెన్సరు వుండదు, బదులుగా ఒక బోర్డు వుంటుంది. బోర్డు కంపెనీకొక రకం. ముప్పై నలభై రూపాయలతో తిరిగిన ఫ్యాను రేపు వందల రూపాయల బోర్డు కోసం వారం రోజులు ఆగుతుంది. కరెంటు ఆదా మంచిదే. ఆ ఆదాలో కొంత బోర్డుకు పోతుందన్న సంగతి ఎవరూ ప్రకటనలో చెప్పరు.

కొనేది ఎక్కడ

కోఠీ గుజరాతీ గల్లీ, చెన్నై రిచీ స్ట్రీటు, బెంగుళూరు ఎస్.పి. రోడ్డు, ముంబయి లామింగ్టన్ రోడ్డు, ఢిల్లీ లజపతిరాయ్ మార్కెట్టు నేటికీ విడిభాగాల బజార్లే. టోకున కొనేవారు పనిమీద హైదరాబాదో చెన్నయ్యో వెళ్లినప్పుడు జాబితా వెంట తీసుకుపోవడం అన్నిటికంటె చౌక. ఇంటినుంచి తెప్పించుకునేవారికి పూనాలోని రోబు వంటి దేశీయ సంస్థలు వున్నాయి. పది రూపాయల వస్తువు ఒక్కటే అడిగితే పంపకపు ఖర్చు వస్తువుకు ఎన్నో రెట్లు పడుతుంది. పదిమంది జాబితా కలిపితే ఆ ఖర్చు లెక్కలోకే రాదు. చాలా విడిభాగాలపై జి.ఎస్.టి. 18 శాతం. రిజిస్ట్రేషను వున్న సంస్థ పేరిట బిల్లు తీసుకొని తన వ్యాపారానికే వాడితే జమ పొందే వీలున్నది, రిజిస్ట్రేషను లేని మెకానిక్కుకు ఆ వీలు లేదు.

కల్తీ గురించి ఒక మాట. మిర్చిలో రంగు కలిపినట్టే ఇక్కడా వున్నది. ఇన్వర్టర్లలో, యాంప్లిఫయర్లలో వాడే 2ఎన్3055 వంటి పవరు ట్రాన్సిస్టర్లకు, పెద్ద సౌండు సెట్లలో వాడే 2ఎస్‌సి 5200కు నకళ్లు విపరీతం. పైన అచ్చు అసలుదే, లోపల సిలికాను ముక్క చిన్నది. భారం పడగానే పేలుతుంది. పాత కొట్టు యజమాని చెడ్డ సరుకు ఒకసారి అమ్మితే మెకానిక్కు మరునాడే తెచ్చి బల్ల మీద పడేసేవాడు. ఆ భయమే గ్రేడింగు. తెర మీద కొన్న సరుకుకు ఆ బల్ల లేదు. సగం ధరకు వచ్చే పవరు ట్రాన్సిస్టరును అనుమానించడమే క్షేమం.

వినుకొండ వీధుల్లో విడిభాగాలు అమ్మే కొట్లు బొత్తిగా లేవనడం కూడా న్యాయం కాదు. మొబైలు రిపేరు దుకాణాలు వున్నాయి. చార్జింగు పిన్ను, డిస్‌ప్లే, బ్యాటరీ నిలవ వేసి అమ్ముతున్నవి అవే. సూక్ష్మదర్శిని కింద ఆవగింజంత భాగాన్ని విప్పి పెట్టగల చేతులు అక్కడ వున్నాయి. పాత రేడియో కొట్టు వారసత్వం వాటిదే. కాని వారి సరుకు ఆయా మోడలుకే చెల్లుతుంది, కాటా అడాప్టరుకు చెల్లదు. చేయి వున్నది, సొరుగు లేదు.

వర్తకులు చేయగలిగింది

40 రకాలు, రకానికి 250 రూపాయల చొప్పున వేసినా నిలవ విలువ 10,000 రూపాయలు. పదిమంది వర్తకులు తలా వెయ్యి వేస్తే సమకూరుతుంది. నూటికి రెండు వంతున వడ్డీ నెలకు 200. ఒక సీజనులో ఒక్క రోజు ఒక్క కాటా ఆగకుండా కాపాడినా ఆ వడ్డీ వచ్చినట్టే. వేరే గది అక్కరలేదు. నమ్మకమైన ఒక మెకానిక్కు దగ్గరో, మొబైలు రిపేరు దుకాణంలోనో సరుకు వుంచి, అమ్మినదానికి నెలకొకసారి లెక్క చూసుకునే కమీషను పద్ధతి వర్తకులకు కొత్త కాదు. మిర్చి కొట్ల మధ్య రోజూ నడిచేదే. సరుకు మనది, కమీషను అతనిది, వాడిన మేరకు తిరిగి నింపడం అందరిదీ. కళాశాల కుర్రవాడు వచ్చి ఒక డయోడు అడిగితే అతనికీ అమ్మాలి. నేడు మెకానిక్కులుగా వున్నవారిలో చాలామంది ఒకప్పుడు అలా అడిగిన కుర్రవాళ్లే, వారి వయసు అరవైకి దగ్గర పడుతున్నది.

రెండు అభ్యంతరాలు వస్తాయి. మొత్తం బోర్డు మార్చేస్తే పోలేదా అన్నది మొదటిది. బోర్డు వెంటనే దొరికి, ధర రిపేరుకు దగ్గరగా వుంటే మార్చడమే మేలు, పంతం అక్కరలేదు. అయిదేళ్ల కిందటి కాటాకు బోర్డు దొరకడమే కష్టం గనుక ఈ మాట వచ్చింది.

రెండవది చట్టం. కాటా లోపల చేయిపెట్టడానికి అందరికీ హక్కు లేదు. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం ప్రకారం తూనిక యంత్రాలు రిపేరు చేసేవాడికి లైసెన్సు వుండాలి. సీలు విప్పి రిపేరు చేసిన కాటాకు తిరిగి తనిఖీ జరిగి ముద్ర పడిన తరువాతే దానిపై తూచాలి. పది రూపాయల కండెన్సరు కోసం సీలు విప్పించి కేసు తెచ్చుకోవడం తెలివైన పని కాదు. అయితే తరచుగా చెడేవి సీలు లోపలివి కావు. బయటి అడాప్టరు, తీగ, పిన్ను, బ్యాటరీ. వీటికి ముద్రతో నిమిత్తం లేదు. లోపలి పని మాత్రం లైసెన్సు వున్న రిపేరరుకే అప్పగించి, అతనికి కావలసిన భాగం వూళ్లోనే సిద్ధంగా వుండేటట్టు చూడటం వరకే వర్తకుల వంతు.

నిలవ వేసేటప్పుడు సరుకు స్వభావం తెలుసుకోవాలి. రెసిస్టరు, డయోడు పదేళ్లయినా పాడవవు. ఎలక్ట్రోలైటిక్ కండెన్సరు ఏళ్ల తరబడి వాడకుండా వుంటే బలం తగ్గుతుంది, కాబట్టి అచ్చువేసిన తేదీ చూసి పాతవి ముందు అమ్మాలి. కాటాల్లో వాడే ఆరు వోల్టుల సీసపు బ్యాటరీని అసలు నిలవ వేయరాదు. చార్జింగు లేకుండా నెలల తరబడి వుంచితే పెట్టెలోనే చచ్చిపోతుంది. దానిని జనవరి ఆఖరున, కొత్త మిర్చి రాక ఊపందుకోక ముందు, ఎవరికి ఎన్ని కావాలో లెక్క తీసి ఒకేసారి తెప్పించుకోవాలి.